21 వేలన్నారు, 840 రూపాయల్లో అయిపోయింది: హన్మకొండ తాళాల చాచా దుకాణం

హన్మకొండ చౌరస్తా నుంచి వేయి స్తంభాల గుడి వైపు నడిస్తే ఒక సందు మొదట్లో, టైలరు షాపుకీ జిరాక్స్ షాపుకీ మధ్య ఇరుక్కుని ఒక చిన్న తాళాల దుకాణం ఉంది. బోర్డు లేదు. గ్రిల్లుకి వందల తాళంచెవులు వేలాడుతుంటాయి, అదే గుర్తు. దుకాణం పెద్దాయన్ని అందరూ చాచా అనే పిలుస్తారు. బీరువా తాళాలు ఆకురాయితో రాకే రోజుల నుంచి ఆయన అక్కడే కూర్చున్నాడట, ఇప్పుడు కారు రిమోట్ కీలు, చిప్ పని ఎక్కువగా కొడుకు చూసుకుంటున్నాడు. నేను ఇంతవరకు ఏ దుకాణం గురించీ రాయలేదు. ఈ దుకాణం గురించి మాత్రం రాయాలి, ఎందుకంటే నా దగ్గర డబ్బు తీసుకోవడానికి ముందు నన్ను ప్రశ్నలు అడిగింది వీళ్ళొక్కళ్ళే.

మా కారు ఆటోమేటిక్ గేరుది, పుష్ బటన్ స్టార్ట్. కీ హ్యాండ్‌బ్యాగులో ఉంటే చాలు, డోర్ తెరుచుకుంటుంది, బ్రేక్ తొక్కి బటన్ నొక్కితే ఇంజిన్ అందుకుంటుంది. నాలుగేళ్ళు ఏ ఇబ్బందీ లేదు. మార్చిలో మొదటిసారి రిమోట్ మొరాయించింది, రెండుమూడు సార్లు నొక్కితే గానీ లాక్ పడేది కాదు. సెల్లు అయిపోయి ఉంటుందని మా కాలనీలో గడియారాల షాపుకి వెళ్ళి మార్పించాను. కొత్త సెల్లు వేశాక కారు పక్కనే నిలబడితే పనిచేసేది, పది అడుగులు దూరం పోతే లేదు. సెల్లు కొత్తదే కదా, కీ పాతబడిందేమో అనుకుని ఊరుకున్నాను. అప్పుడే ఇంకోటి కూడా జరిగింది, దాన్ని నేను అసలు పట్టించుకోలేదు: ఒకటి రెండు సార్లు గేరు లివర్ 'పీ'లో నుంచి, అంటే పార్కింగ్ స్థానం నుంచి, కదల్లేదు. బ్రేక్ వదిలి మళ్ళీ గట్టిగా తొక్కితే కదిలింది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, కథంతా దీని మీదే తిరుగుతుంది.

మే నెల, బడికి సెలవులు. పరకాలలో చుట్టాలింట్లో ఫంక్షన్ చూసుకుని అత్తమ్మా నేనూ తిరిగొస్తున్నాం. గూడెప్పాడ్ క్రాస్ దగ్గర తాటి ముంజలు కనబడితే ఆపాను. అత్తమ్మకి షుగర్, మధ్యాహ్నం రెండు దాటితే ఏదో ఒకటి తినాలి, లేకపోతే చేతులు వణుకుతాయి. ముంజలు తీసుకుని వచ్చి బటన్ నొక్కితే మీటర్ మీద 'కీ నాట్ డిటెక్టెడ్' అని వచ్చింది. కీ నా చేతిలోనే ఉంది! మళ్ళీ నొక్కాను, అదే. ఏసీ లేదు, బయట ఎండ మండిపోతోంది, అత్తమ్మ ముఖం చూస్తే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ రోజు నాకొచ్చిన టెన్షన్ ఇంకెవరికీ రావద్దనే ఇదంతా ఇంత వివరంగా రాస్తున్నాను.

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే బండి పంపిస్తాం, కట్టి లాక్కొస్తాం, రెండు గంటలు పడుతుంది అన్నారు. పక్కన టైర్ల పంక్చర్ షాపులో పిల్లవాడు, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, మా అవస్థ చూసి వచ్చి 'అక్కా, కీని బటన్‌కే ఆనిచ్చి నొక్కుండ్రి' అన్నాడు. ఆనించి, బ్రేక్ తొక్కి నొక్కాను. ఇంజిన్ అందుకుంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ పిల్లవాడు డబ్బులు తీసుకోలేదు, ముంజలు మాత్రం తీసుకున్నాడు.

అది ఎలా పనిచేసిందో తర్వాత చాచా కొడుకు చెప్పాడు. స్మార్ట్ కీ అనే ఆ ప్లాస్టిక్ ముక్కలో నిజానికి మూడు వస్తువులున్నాయి. ఒకటి, లోపల దాగి ఉండే ఇనుప తాళంచెవి, పక్కన చిన్న మీట జరిపితే బయటికొస్తుంది, రిమోట్ పూర్తిగా చచ్చిపోయినా డ్రైవర్ వైపు డోర్ దాంతో తెరవచ్చు. రెండోది రిమోట్, దీనికే సెల్లు కావాలి. కారు దగ్గరికి మనం వెళ్ళగానే కారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక చిన్న పిలుపు పంపుతుంది, అది విని కీ మన దగ్గర అమ్మే చాలా కార్లలో 433 మెగాహెర్ట్జ్ మీద జవాబిస్తుంది. మూడోది చిప్. దానికి సెల్లు అక్కర్లేదు. బటన్ వెనక ఉన్న కాయిల్ దగ్గరికి తెస్తే ఆ కాయిల్ నుంచే కాస్త కరెంటు తీసుకుని తన నంబరు చెబుతుంది. అందుకే సెల్లు చచ్చినా కీని బటన్‌కి ఆనిస్తే కారు గుర్తుపడుతుంది. కొన్ని కార్లలో ఆనించాల్సిన చోటు బటన్ కాదు, స్టీరింగ్ పక్కనో కప్పు పెట్టే గుంటలోనో ఉంటుంది, మాన్యువల్లో బొమ్మ వేసి ఉంటుంది. ఈ రాత్రికే మీ కారు మాన్యువల్ తీసి ఆ పేజీ ఒక్కటి చూసుకోండి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. నాకు గూడెప్పాడ్‌లో ఈ సంగతి తెలిసి ఉంటే అత్తమ్మ ఆ ముప్పావు గంట ఎండలో కూర్చునేది కాదు.

మర్నాడు సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాను. పేరు రాయను, నా ఉద్దేశం వాళ్ళని తిట్టడం కాదు. కారు లోపలికి తీసుకెళ్ళి అరగంట తర్వాత బయటికి తెచ్చి, కీ పోయింది మేడం, కీ సిగ్నల్ అందుకునే బాక్సు కూడా అనుమానంగా ఉంది, రెండూ మార్చాలి, ప్రోగ్రామింగ్‌తో కలిపి 21 వేలు, కీ రావడానికి పది పన్నెండు రోజులు అన్నారు. అడ్వాన్స్ సగం కట్టమన్నారు. ఇంట్లో రెండో కీ ఉంది అన్నాను. దాంతో ఒకసారి ప్రయత్నించి చూడండి మేడం, దాంతో కూడా రాకపోతే బాక్సే పోయినట్టు అన్నారు. వినడానికి సబబుగానే ఉంది కదా. నాకూ అలాగే అనిపించింది.

ఇంటికొచ్చి బీరువాలో నాలుగేళ్ళుగా పడున్న రెండో కీ తీశాను. బటన్‌కి ఆనించి నొక్కితే లోపల లైట్లు వెలిగాయి, రేడియో మోగింది, ఇంజిన్ మాత్రం ఉలుకూ పలుకూ లేదు. మొదటి కీ ఆనించాను, అదే వరస. అప్పటిదాకా పనిచేసిన కీ ఇప్పుడు పనిచేయలేదు. రెండు కీలూ పోతాయా? పోవు. అంటే కారులో బాక్సు పోయిందన్నమాట, వాళ్ళు చెప్పిందే నిజం. మా ఆయన కూడా 'కట్టేద్దాం, ఇంక తిప్పలెందుకు' అన్నాడు. పదివేలు ఫోన్‌లో పంపబోతుంటే మా బడి లెక్కల సారు ఏదో పనిమీద ఫోన్ చేశారు. మాటల్లో ఇది చెబితే, ఆగండి మేడం, ముందు చాచాకి చూపించండి, ఆయన కాదంటే అప్పుడు కట్టండి అన్నారు.

కారు కదలదు కాబట్టి రెండు కీలూ పట్టుకుని ఆటోలో వెళ్ళాను. దుకాణంలో నాకన్నా ముందు ముగ్గురున్నారు. గంట పైనే నిలబడ్డాను, కూర్చోవడానికి ఒకే స్టూలు, దాని మీద నర్సంపేట నుంచి వచ్చిన పెద్దాయన కూర్చున్నాడు. ఆయనది పాత పికప్ బండి, మామూలు తిప్పే తాళం. తాళం బిగుసుకుపోయిందని మనవడు ఆ రంధ్రంలో కొబ్బరినూనె పోశాడట. నాలుగు రోజులు హాయిగా తిరిగి, తర్వాత నూనెకి దుమ్మంతా పట్టి ముద్దయి అసలే తిరగడం మానేసింది. చాచా ఆ సిలిండర్‌ని విప్పి పెట్రోల్‌తో కడిగి, పెన్సిల్ ములుకు పొడి లాంటి నల్లటి గ్రాఫైట్ పొడి చల్లి పెట్టాడు. 'తాళంల నూనె పోయొద్దు బిడ్డా, పొడే వెయ్యాలె' అని ఆయన నాకు కూడా చెప్పాడు, నాది తిప్పే తాళం కాకపోయినా. ఇంకో మాట కూడా ఆయనే అన్నాడు: తాళం తిరగట్లేదని అందరూ తాళాన్నే బలంగా తిప్పుతారు, విరగ్గొట్టుకుంటారు, సగం సార్లు అది స్టీరింగ్ లాక్ పట్టుకోవడమే, స్టీరింగ్‌ని అటూ ఇటూ కొంచెం ఆడిస్తూ తిప్పితే వచ్చేస్తుంది.

నా వంతు వచ్చింది. చాచా కీలు తీసుకుని కొడుకు చేతికిచ్చాడు. ఆ అబ్బాయి అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన ఒక మీటరు పక్కన నా కీ పెట్టి నొక్కాడు. సిగ్నల్ వస్తోంది కానీ బలం లేదక్కా అని వెంటనే కీ విప్పాడు. సెల్లు చూసి నవ్వలేదు, గడియారాల షాపతన్ని ఒక్క మాట అనలేదు, నాకు చూపించాడు. అందులో ఉన్నది 2025 సెల్లు. ఉండాల్సింది 2032. రెండూ మూడు వోల్టులవే, రెండూ ఒకే వెడల్పు, పైనుంచి చూస్తే కవల పిల్లలు. ఆ నంబర్లోనే కొలత ఉందట, నాకు నలభై ఏళ్ళొచ్చినా తెలియదు: మొదటి 20 అంటే వెడల్పు 20 మిల్లీమీటర్లు, తర్వాతి 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. 2025 అంటే మందం 2.5. అంటే 0.7 మిల్లీమీటర్లు తక్కువ, అంతే. ఆ ఖాళీ వల్ల సెల్లు లోపల కదులుతూ, దాని నుంచి కరెంటు అందుకునే రేకుకి ఒకసారి తగిలీ ఒకసారి తగలకా ఉంది. బ్యాగులో కీ ఎటు పడితే అటు. కాబట్టి గూడెప్పాడ్‌లో జరిగింది ఆ 0.7 మిల్లీమీటర్ల పనే.

కొత్త 2032 సెల్లు వేసే ముందు పల్చని రేకుని సూదితో కొంచెం పైకి లేపాడు, సెల్లుని బట్టతో అంచులు పట్టుకుని పెట్టాడు, వేళ్ళ చెమట అంటితే దాని మీద పొర కడుతుందట. కొన్ని బ్రాండ్ల సెల్లుల మీద పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చేదు పూత పూస్తారట, ఆ పూత కొన్ని కీలలో రేకుకి సరిగా తగలనివ్వదు, సెల్లు కొత్తదైనా కీ పనిచేయకపోతే అదీ ఒక కారణమే అన్నాడు. మీటరుతో చూపించాడు, కొత్తది 3.2 వోల్టుల పైన చూపింది, రెండో కీలోంచి తీసిన పాతది 2.6. దానికీ కొత్తది వేశాడు. తీసేసిన సెల్లులని చాచా పారేయలేదు, ఒక్కోదానికి రెండు వైపులా టేపు చుట్టి డబ్బాలో వేసి పెట్టాడు. ఇది చూసి నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్ళు ఇది చదివి ఊరుకోకండి: ఈ బిళ్ళ సెల్లు పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే ఆహార నాళాన్ని లోపల కాల్చేస్తుంది. మింగారని అనుమానం వచ్చినా సరే, బయటికి వస్తుందేమోనని చూడకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి. మా ఆడపడుచు కొడుక్కి రెండేళ్ళు, వాడు మా ఇంటికొస్తే కీలతోనే ఆడతాడు. ఇప్పుడు కీలు మేకుకి ఎత్తులో వేలాడుతున్నాయి.

'కీలు రెండూ మంచిగనే ఉన్నయి బిడ్డా. కీ పని అయిపోయింది. ఇగ బండి సంగతి చెప్పు' అన్నాడు చాచా. నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే ఆయన అక్కడితో ఆపేసి సెల్లుల డబ్బులు తీసుకుని పంపించవచ్చు, ఇంటికెళ్ళి కారు స్టార్ట్ కాకపోతే అది నా తలనొప్పి. కానీ ఆయనకి ఒక చిన్న లెక్క కుదర్లేదు. సెల్లు లేకపోయినా చిప్ పనిచేయాలి కదా, ఆనించినప్పుడు లోపల లైట్లు వెలిగాయంటే కారు కీని గుర్తుపట్టిందనే కదా, మరి ఇంజిన్ ఎందుకు తిరగలేదు? ఇక ప్రశ్నలు మొదలుపెట్టాడు. బటన్ నొక్కినప్పుడు టిక్కు టిక్కు మని శబ్దం వచ్చిందా? రాలేదు. లైట్లు మసకబారాయా? లేదు, బాగానే వెలిగాయి. అయితే పెద్ద బ్యాటరీ కాదు. తాళం గుర్తు ఉన్న ఎర్ర లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటోందా? లేదు. అయితే చిప్ గొడవ కాదు. బ్రేక్ తొక్కితే బటన్ మీద చిన్న లైటు ఆకుపచ్చగా మారుతోందా? నేను ఆలోచించాను. ఎప్పుడూ ఆకుపచ్చగా ఉండేది, నిన్న నారింజ రంగులోనే ఉండిపోయింది. గేరు లివర్ ఎప్పుడైనా 'పీ'లో పట్టుకుందా?

ఆ ప్రశ్నకి నా ఒళ్ళు జలదరించింది. అవును చాచా, రెండుసార్లు పట్టుకుంది, మీకెలా తెలుసు అన్నాను. ఆయన జవాబు చెప్పకుండా కొడుకుతో 'బ్రేక్ స్విచ్. పోయి చూసి రా' అన్నాడు.

ఆ అబ్బాయి బైకు మీద నయీంనగర్‌లో మా ఇంటికి వచ్చాడు. నన్ను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి బ్రేక్ తొక్కమన్నాడు, తను వెనక నిలబడ్డాడు. బ్రేక్ లైట్లు రాలేదు. కుడిది లేదు, ఎడమది లేదు, పైన అద్దం దగ్గరిది కూడా లేదు. మూడూ ఒకేసారి పోయాయంటే బల్బుల తప్పు కాదక్కా అన్నాడు. ఫ్యూజు బాక్సు తెరిచి ఆ ఫ్యూజు తీసి మీటరు పెట్టాడు, బాగుంది. తర్వాత పెడల్ కిందికి తల దూర్చి స్విచ్ వైరు ఊడదీసి రెండు తీగలని కలిపి చూశాడు. వెనక లైట్లు మూడూ వెలిగాయి! అంటే వైరింగ్ బాగుంది, బల్బులు బాగున్నాయి, మధ్యలో బొటనవేలంత స్విచ్ ఒక్కటే పోయింది. మనం బ్రేక్ తొక్కామని కారుకి చెప్పేది అదే. అది చెప్పకపోతే బ్రేక్ లైటు రాదు, గేరు 'పీ' వదలదు, ఇంజిన్ అందుకోదు. గూడెప్పాడ్‌లో ఆ రోజు అది ఇంకా అప్పుడప్పుడూ పనిచేస్తోంది కాబట్టి సెల్లు ఒక్కటే అడ్డమైంది. మర్నాటికి స్విచ్ పూర్తిగా పోయింది. రెండు రోగాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడేసరికి ఒకే పెద్ద రోగంలా కనబడ్డాయి.

దీని గురించి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. 21 వేలు కాదు నా బాధ. ములుగు రోడ్డు మీద వెనక ఇసుక లారీలూ గ్రానైట్ లారీలూ వస్తుంటాయి, ఆ రోడ్డు మీద తిరిగేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పక్కన అత్తమ్మని కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు బ్రేక్ లైటు వెలగకుండానే బ్రేక్ వేశానో. కీ, బాక్సు మార్చుకుని ఉంటే కూడా ఈ స్విచ్ అలాగే ఉండేది. మీ కారు ఏదైనా సరే, వారానికి ఒకసారి ఎవరినైనా వెనక నిలబెట్టి బ్రేక్ తొక్కి చూడండి, ఎవరూ లేకపోతే కారు వెనక భాగం గోడకి దగ్గరగా వచ్చేలా పెట్టి అద్దంలో ఎరుపు పడుతుందో లేదో చూడండి. ఇది నేను మా స్టాఫ్ రూములో అందరి చేతా చేయించాను, ఒక మేడం కారుకి ఎడమ బల్బు పోయి ఉంది.

స్విచ్ వాళ్ళ దగ్గర ఉండదు. స్పేర్ పార్ట్స్ దుకాణంలో కంపెనీ స్విచ్ 480 రూపాయలు, మా ఆయన వెళ్ళి తెచ్చాడు, పాతది చేతిలో పట్టుకెళ్ళి పిన్నులు ఒకేలా ఉన్నాయో లేదో చూసి తెమ్మని ఆ అబ్బాయి గట్టిగా చెప్పి పంపాడు. బిగించడానికి ఇరవై నిమిషాలు. బటన్ మీద లైటు ఆకుపచ్చగా మారింది, ఇంజిన్ అందుకుంది. వెళ్ళిపోతూ నేను అడక్కుండానే పెద్ద బ్యాటరీకి మీటరు పెట్టి చూశాడు: ఇంజిన్ ఆపి ఉంటే 12.5, నడుస్తుంటే 14.1. బాగుందక్కా, ఆపి ఉన్నప్పుడు 12 కన్నా కిందికి వస్తే అప్పుడు ఆలోచించాలి అన్నాడు. మైనస్ టెర్మినల్ మీద తెల్లగా బూజులా పట్టి ఉంటే వేడినీళ్ళలో తినే సోడా కలిపి కడగమన్నాడు, విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు ముందు ప్లస్ అని రెండుసార్లు చెప్పాడు. రెండు సెల్లులకి 60, స్విచ్ 480, ఇంటికి వచ్చినందుకు, పనికి కలిపి 300. మొత్తం 840. ఆ 300కి మా ఆయన 500 ఇస్తే ఆ అబ్బాయి 200 వెనక్కి ఇచ్చాడు.

తిప్పే తాళం ఉన్న కార్ల వాళ్ళకి కూడా పనికొస్తుందని ఆ అబ్బాయిని అడిగి రాసుకున్నవి కొన్ని చెబుతాను. తాళం తిప్పితే సెల్ఫ్ కొట్టి ఇంజిన్ అందుకుని రెండు సెకన్లలో ఆగిపోతే, అలా ప్రతిసారీ జరిగితే, చాలాసార్లు అది చిప్‌ని కారు గుర్తుపట్టకపోవడం. ఆ చిప్ తాళం ప్లాస్టిక్ తలలో ఉంటుంది, పెంకు పగిలితే ఎక్కడో రాలిపోతుంది, మార్కెట్‌లో వంద రూపాయలకి దొరికే కొత్త పెంకు వేసుకునేటప్పుడు పాత పెంకులోనే చిప్ వదిలేసి పారేసినవాళ్ళు చాలామంది వస్తారట. టిక్కు టిక్కు మంటే బ్యాటరీ నీరసం లేదా టెర్మినల్ వదులు. మాన్యువల్ గేరు కార్లలో క్లచ్ కింద కూడా ఇలాంటి స్విచ్చే ఉంటుంది, చాలా మోడళ్ళలో క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది, కింద మ్యాటు మడత పడి పెడల్ చివరిదాకా పోకపోయినా స్టార్ట్ కాదు. కీని ఫోన్‌తో కలిపి ఒకే జేబులో పెట్టుకుంటే సిగ్నల్‌కి అడ్డం రావచ్చు, ముందు అది తీసి చూడండి. ఇంట్లో కారుకి దగ్గరగా గోడకి కీ తగిలిస్తే కొన్ని కార్లలో రాత్రంతా కారూ కీ పలకరించుకుంటూ సెల్లు త్వరగా అయిపోతుంది.

ఇంక దుకాణంలో నాకు నచ్చనివి కూడా రాయాలి. బండి పెట్టడానికి చోటు లేదు, చౌరస్తా దగ్గర ఎక్కడో పెట్టి నడవాలి. ఫోన్ ఎత్తరు, ఎత్తినా చాచా వినబడట్లేదంటాడు. ముందు వచ్చినవాళ్ళకే ముందు, ఎంత అత్యవసరమన్నా వరస తప్పించరు, ఎండాకాలం ఆడవాళ్ళు అంతసేపు నిలబడటం కష్టం, కనీసం ఇంకో రెండు స్టూళ్ళు వేయాలని చాచాతోనే అన్నాను. బిల్లు ఇవ్వరు, తెల్ల కాగితం మీద రాసి ఇస్తారు. ఆఫీసులో బిల్లు పెట్టుకోవాల్సినవాళ్ళకి అది కుదరదు. కొత్త మోడళ్ళలో కొన్నింటి కీలు వాళ్ళు చేయలేరు, చేయలేమని ముందే చెప్పి కంపెనీకే పొమ్మంటారు. నేనున్నప్పుడే ఒకాయన్ని అలా పంపారు.

మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాను, ఈసారి మా మరిది కారు కోసం. వాడి దగ్గర ఒకే కీ ఉంది, రెండోది ఎప్పుడో పోయింది. ఒక కీ ఉండగా ఇంకోటి చేయించడం తేలిక, ఉన్నదీ పోతే కారు దగ్గరికే మిషను తీసుకొచ్చి మొదటి నుంచి చేయాలి, ఖర్చు చాలా ఎక్కువ అని చాచా అన్నాడు. ఆర్‌సీ చూపించమన్నాడు, తేలేదు అంటే, తెచ్చినప్పుడే చేస్తాం అన్నాడు. మా మరిదికి కోపం వచ్చింది. అప్పుడే అక్కడ ఒక కుర్రాడు దోస్తు కారుకి కీ కావాలని వచ్చి నిలబడ్డాడు, వాడికీ అదే మాట చెప్పి పంపించాడు. నాకైతే ఇది చాలా నచ్చింది, నా కారు కీ ఎవరుబడితే వాళ్ళు వచ్చి చేయించుకోలేరని ధైర్యం. మర్నాడు ఆర్‌సీ, ఆధార్ తీసుకుని వెళ్ళాం. స్టీరింగ్ కింద ఉండే పోర్టుకి మిషను తగిలించి నలభై నిమిషాల్లో కొత్త కీ నేర్పించాడు, పాత కీ కూడా పనిచేస్తుందో లేదో రెండూ మాతోనే చూపించి మరీ ఇచ్చాడు. 2,800 తీసుకున్నారు. కారు బీమాలో కీ పోతే ఇచ్చే యాడ్ ఆన్ ఒకటి ఉంటుందని కూడా చెప్పాడు, మాది తీసి చూస్తే లేదు, ఈసారి కట్టేటప్పుడు అడుగుతాం.

సర్వీస్ సెంటర్ వాళ్ళకి కూడా ఫోన్ చేసి చెప్పాను, బ్రేక్ స్విచ్ అని. అవునా మేడం, నోట్ చేసుకుంటాం అన్నారు. చాచా దుకాణంలో లేని మిషన్లు వాళ్ళ దగ్గర ఎన్నో ఉన్నాయి. బ్రేక్ తొక్కి వెనక్కి నడిచి చూడటానికి ఏ మిషనూ అక్కర్లేదు, అదే వాళ్ళతో మర్యాదగా చెప్పాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: పొద్దున పదింటికి తెరుస్తారు, పదకొండులోపు వెళితే రద్దీ తక్కువ. శుక్రవారం నమాజుకి మధ్యాహ్నం గంటన్నర మూసి ఉంటుంది. ఆదివారం చాచా ఒక్కడే ఉంటాడు, రిమోట్ పనులు ఆ రోజు కావు. ఇంటికి రావాలంటే కాజీపేట, హసన్‌పర్తి వరకూ కొడుకు వస్తాడు, కానీ ముందు కీలు తీసుకుని మీరే దుకాణానికి వెళ్ళాలి, కీ చూడకుండా బండి దగ్గరికి రాడు. కారు ఆర్‌సీ మాత్రం మర్చిపోకుండా పట్టుకెళ్ళండి.